ఇరుసుని పట్టుకున్నదెవరు

అనగనగా అనాలంటే అడవీ, అందులో సింహమూ ఉండి తీరాలని ఎక్కడా రాసిలేదు. ఈ కథ విజయవాడ ఆటోనగర్‌లో జరిగింది. చప్పుడు అడవిలో కంటే అక్కడే ఎక్కువ.

ఒక షెడ్డులో ఒక పాత పికప్ బండి. వేసవి వస్తే నూజివీడు వైపు తోటల నుంచి నున్న మార్కెట్‌కి మామిడికాయలు మోస్తుంది. మిగతా కాలమంతా దాదాపు ఖాళీగానే తిరుగుతుంది. ఒకరోజు నాలుగు ఎరువుల బస్తాలు, ఒకరోజు పెళ్లివారి బిందెలు, ఇంకోరోజు ఒక దూడ. తంటా అంతా ఖాళీగా తిరిగేటప్పుడే. చిన్న గుంతలో పడ్డా వెనక భాగం అలిగిన గుర్రంలా ఎగిరిపడేది. ముందు సీట్లో కూర్చున్నవాడికి పళ్లు పటపటలాడేవి.

బండి యజమాని కొడుకు టెక్సాస్‌లో రెండేళ్లు చదువుకుని సెలవులకి వచ్చాడు. అక్కడ స్నేహితుడి పికప్ నడిపాడట. పొట్టేలు తలకాయ గుర్తున్న రామ్ 1500. అది కారులా పోతుంది. వెనక వంగి చూస్తే కమాన్ పట్టీలు లేవు, రెండు కాయిల్ స్ప్రింగులున్నాయి. 2009 మోడల్ నుంచీ అంతే. కుర్రాడికి రహస్యం తెలిసిపోయింది. ఇంటికి రాగానే పాత ఇనప సామాన్ల యార్డుకి వెళ్లి, పల్టీ కొట్టి తుక్కుకొచ్చిన ఒక ఎస్‌యూవీ నుంచి వెనక స్ప్రింగులు రెండూ బేరమాడి కొన్నాడు. యార్డు ఆసామి అడిగాడు కూడా, "వీటితోపాటు ఈ కడ్డీలు ఐదున్నాయి, తీసుకుపోతావా బాబూ?" అని.

"ఆ ఇనప ముక్కలెందుకండీ," అన్నాడు కుర్రాడు.

స్ప్రింగులు షెడ్డుకి చేరేసరికి చీకటి పడింది. మేస్త్రి వాటిని గోనెపట్టా మీద పెట్టించి, "రేపు చూద్దాం" అని షట్టరు దించి వెళ్లిపోయాడు.

మనుషులు వెళ్లాక ఇనుము మాట్లాడుతుంది. కాయిలే ముందు నోరు విప్పింది.

"తాతా, నిద్ర పట్టిందా?"

బండి కింద కమాన్ కట్ట కదలలేదు. దాని వయసు దానిది. జట్కా బండ్ల కాలం నుంచీ ఆ వంశం మనిషి బరువు మోస్తూనే ఉంది. ఒకదాని కింద ఒకటి, పొడుగువీ పొట్టివీ, వంపు తిరిగిన పట్టీలు. మధ్యలో వాటన్నిటినీ గుచ్చి పట్టుకున్న సెంటర్ బోల్టు. యూ బోల్టులతో ఆ కట్టని ఇరుసుకి బిగించారు. ముందు కొస ఫ్రేముకి ఒక పిన్నుతో తగిలి ఉంది. వెనక కొస షాకిల్ అనే ఊగే ముక్కకి వేలాడుతోంది. బరువు పడి వంపు పోయినప్పుడు పట్టీ సాగినట్టవుతుంది కదా, ఆ పొడుగుని సర్దుకోవడానికి ఊగాలి మరి.

"రేపటి నుంచి మీకు విశ్రాంతి," అంది కాయిల్. "నేనొచ్చాను. నన్ను చూడండి, ఒకే కడ్డీ. చుట్టలు చుట్టి పెట్టారు. నన్ను నొక్కితే వంగుతానని అందరూ అనుకుంటారు. నేను వంగను, లోపల్లోపల మెలితిరుగుతాను. పొడుగాటి కడ్డీని తాడులా మెలిపెడితే ఎంత ఓర్చుకుంటుందో అంతా నాలో ఉంది. అందుకే తక్కువ ఉక్కుతో ఎక్కువ మోస్తాను. మీరంతా బరువే."

"నిజమే నాయనా," అంది కమాను. అబద్ధమాడే అలవాటు దానికి లేదు.

"ఇంకో మాట. దారిలో చిన్న గులకరాయి వస్తే నేను గబుక్కున సర్దుకుంటాను. మీరు కదలరేం?"

"పట్టీకీ పట్టీకీ రాపిడి, అబ్బాయ్. ఆ రాపిడి తెగితేనే నేను కదిలేది. పెద్ద గుంతకి తెగుతుంది. గులకరాయికి తెగదు. ఆ దెబ్బ అలాగే పైకి పోతుంది. తుప్పు పడితే మరీనూ."

ఇంత సులువుగా ఒప్పుకుంటుందని కాయిల్ అనుకోలేదు. గెలుపు రుచి తగలకుండానే వాదన అయిపోయినట్టుంది. అప్పుడు మాట్లాడింది ఇరుసు. చక్రాల మధ్య అడ్డంగా పడి ఉండే ఆ లావుపాటి గొట్టం ఎప్పుడో గానీ నోరు మెదపదు.

"నువ్వు మోస్తావు సరే. నన్నెవరు పట్టుకుంటారు?"

"పట్టుకోవడమేమిటి?"

"నాకు మూడు భయాలున్నాయి. బ్రేకు వేసినప్పుడు నేను ఒక దారినీ బండి ఒక దారినీ పోతామేమోనని ఒకటి. మలుపులో పక్కకి జారిపోతానేమోనని ఒకటి. ఇంజిను చక్రాల్ని తిప్పబోతే, చక్రాలు నేలని పట్టుకుని ఉండిపోయి నేనే గిర్రున వెనక్కి తిరిగిపోతానేమోనని ఇంకొకటి. నువ్వెప్పుడైనా నా లాంటిదాని మీద కూర్చున్నావా?"

"పదేళ్లు కూర్చున్నాను. ఆ భయాలేవీ నాకు తెలియదు. మా బండిలో ఇరుసు ఉన్నచోటే ఉండేది."

"ఎవరో ఉంచి ఉంటారు."

కాయిల్ ఆలోచించింది. "నా పక్కన నాలుగు కడ్డీలుండేవి, ముందుకీ వెనక్కీ పోకుండా. అడ్డంగా ఇంకొకటి, ఒక కొస ఫ్రేముకి, ఒక కొస ఇరుసుకి. మాకు పెద్దగా మాటల్లేవు."

ఇరుసు నవ్విందో, గ్రీజు కారిందో తెలియదు గానీ చిన్న చప్పుడైంది. "ఇక్కడ ఆ ఐదుగురి పనీ ఈ తాతే చేస్తున్నాడు. ముందు పిన్ను నుంచి నా దాకా ఉన్న సగం పట్టీయే నన్ను లాగిపట్టుకుంటుంది. పట్టీ వెడల్పే నన్ను పక్కకి పోనివ్వదు. బరువుని ఫ్రేము మీద ఒకేచోట కాకుండా ముందొకచోట, వెనకొకచోట పంచి దింపుతాడు. నువ్వు వెక్కిరించిన ఆ రాపిడి కూడా ఉయ్యాలలా ఊగిపోకుండా కాస్త ఆపుతుంది. అలాగని తాత దేవుడేం కాదు. ఇంజిను గట్టిగా లాగితే ఎస్ ఆకారంలో మెలిపడతాడు, నేను దడదడలాడతాను. ఐదుగురు మనుషులు చెయ్యాల్సిన పని ఒక్కడు చేస్తే అలాగే ఉంటుంది."

తర్వాత ఎవరూ మాట్లాడలేదు. మనం చేస్తున్నామని ఇన్నాళ్లూ అనుకున్న పనిలో సగం పక్కవాడిదని తెలిసిన రాత్రి నిద్ర పట్టడం కష్టం, ఇనుముకైనా.

తెల్లారింది. కుర్రాడు టీ గ్లాసుతో వచ్చాడు.

"బాబాయ్, మార్చేద్దామా?"

మేస్త్రికి అరవై దాటాయి. వాదించే ఓపిక లేదు, చూపించే ఓపిక ఉంది. ఫ్రేము కింద స్టాండ్లు పెట్టాడు. యూ బోల్టులు విప్పి, కమాన్ కట్టలు రెండూ దింపాడు. ఇరుసుని జాకీ బండి మీద ఆనించి, దానికీ ఫ్రేముకీ మధ్య కాయిళ్లు నిలబెట్టి, కొద్దిగా బిగువు వచ్చేదాకా మాత్రం పైకెత్తాడు. "అందరూ అవతలికి జరగండి," అని కేకేసి, దూరం నుంచి ఒక పొడుగాటి గెడతో చక్రాన్ని పక్కకి నెట్టాడు. గట్టిగా కూడా కాదు, పడుకున్న కుక్కని లేపినట్టు.

ఇరుసు పక్కకి పోయింది. ఎడమ కాయిల్ విల్లులా వంగి, ఖంగుమని బయటికి దూకి, రోడ్డు దాటి టీకొట్టు బల్ల కింద ఆగింది.

"మోస్తోందిరా అబ్బాయ్," అన్నాడు మేస్త్రి. "పట్టుకోవట్లేదు. దీని చేతులేవి?"

కుర్రాడికి ఆ ఐదు కడ్డీలూ గుర్తొచ్చాయి. పైకి అనలేదు.

"ఒకవేళ చేతులు తెచ్చినా ఈ ఫ్రేముకి అవి తగిలించే చోటు లేదు. బ్రాకెట్లు వెల్డింగు చెయ్యాలి. కొలతలో వేలెడు తేడా వస్తే హైవే మీద నీ ప్రాణం. అది కంపెనీవాడు కాగితం మీద మొదటి గీత నుంచీ ఆలోచించాల్సిన పని. ఇక్కడ సుత్తితో అయ్యేది కాదు."

తర్వాత మేస్త్రి కింద పడి ఉన్న కమాన్ కట్ట విప్పాడు. కథలో నాకు బాగా నచ్చే చోటు ఇదే. సెంటర్ బోల్టు తియ్యగానే పట్టీలు చాప మీద చీట్లపేకలా విడిపోయాయి. మధ్యలో గోధుమరంగు తుప్పు పొడి. రెండో పట్టీకి బోల్టు కన్నం దగ్గర వెంట్రుకంత పగులు. షాకిల్ బుష్షులు అరిగి కరుచుకుపోయి, ఊగాల్సింది ఊగడమే మానేసింది. మేస్త్రి పట్టీలు లెక్కపెట్టి, రెండింటిని విడిగా పక్కకి లాగాడు.

"ఇవి కంపెనీవి కావు."

"మరి?"

"నాలుగేళ్ల కింద మీ నాన్న వేయించాడు. వేసింది నేనే."

"ఎందుకు బాబాయ్?"

"ఆ ఏడు మామిడికి మంచి రేటొచ్చింది."

రెండు పట్టీలు అదనంగా వేస్తే బండి నిండుగా ఉన్నప్పుడు కుంగదు. ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం అది స్ప్రింగు కాదు, దుంగ. అసలు పట్టీ లెక్కే చిత్రమైనది. వెడల్పూ పొడుగూ అలాగే ఉంచి, పట్టీ మందం ఒక్కటి రెండింతలు చేస్తే బిగువు ఎనిమిదింతలవుతుంది. కాయిల్ అయితే ఇంకా మొండిది, చుట్ట కొలతలు మార్చకుండా కడ్డీ లావు రెండింతలు చేస్తే పదహారింతలు. ఇనుముతో ఆశపడే ముందు ఈ లెక్క తెలిసి ఉండాలి. మామిడి రేటు చూసి పట్టీ వేసేవాళ్లకి తెలియదు.

మేస్త్రి పగిలిన పట్టీ మార్చాడు. తుప్పు గోకి, గ్రీజు పూసి, కొత్త బుష్షులు వేశాడు. అరిగిన షాకబ్జర్లు మార్చాడు. అదనపు పట్టీలు రెండూ వెనక్కి పెట్టలేదు. "కాగితాల్లో ఎంత బరువు రాసుందో అంతే వెయ్యమని నాన్నకి చెప్పు," అన్నాడు. బండి సాయంత్రానికి రోడ్డెక్కింది. టెక్సాస్ బండిలా పోలేదు. పళ్లు పటపటలాడటం మాత్రం ఆగింది.

నీతి: ఒకరిని తీసి ఇంకొకరిని పెట్టే ముందు, పాతవారు చేస్తున్న పనులన్నీ లెక్కపెట్టు. పేరున్న పని ఒకటే కనిపిస్తుంది, పేరు లేనివి మనిషితోపాటు వెళ్లిపోతాయి.

కథ విన్నవాళ్లలో కొందరు "పాతదే మేలు అన్నమాట" అంటారు. అది ఈ కథ నీతి కాదు. కమానే మేలైతే పికప్ చరిత్ర ఇంకోలా ఉండేది. అమెరికాలో షెవ్రొలే 1960లోనే తన టూ వీల్ డ్రైవ్ పికప్‌లలో చాలావాటికి వెనక కాయిళ్లు పెట్టింది. ఊరికే పెట్టలేదు, ఇరుసుని పట్టుకోవడానికి ఫ్రేము మధ్య నుంచి పొడుగాటి చేతులు రెండూ, పక్కకి జారకుండా అడ్డంగా ఒక కడ్డీ కూడా ఇచ్చింది. 1972 దాకా అవి నడిచాయి. 1973 మోడల్‌తో ఆ సంస్థ మళ్లీ కమాన్లకి తిరిగొచ్చింది. స్ప్రింగులు వెళ్లిపోయాయి గానీ చేతులు పోలేదు. వాటి నమూనాని నాస్కార్ పందెం కార్లవాళ్లు పట్టుకుపోయి దశాబ్దాల తరబడి వాడుకున్నారు. 2022లో అక్కడి పెద్ద పోటీకి కొత్త తరం కారు వచ్చేదాకా ఆ భాగాన్ని "ట్రక్ ఆర్మ్స్" అనే పిలిచారు. అందరూ కాయిల్ గురించి మాట్లాడుకున్నారు, పందెంలో నిలిచింది చేతులు.

మన కుర్రాడు మనసు పారేసుకున్న రామ్ వాళ్ల సంగతి ఇంకా ముచ్చటైంది. 2014 మోడల్ నుంచి 2500 పికప్‌కి కూడా వెనక కాయిళ్లిచ్చారు. దానికంటే ఎక్కువ మోసే అన్నగారు 3500కి మాత్రం కమాన్లే ఉంచారు. ఒకే ఇంట్లో తమ్ముడికి ఒక పద్ధతి, అన్నకి ఒక పద్ధతి. టొయోటా 2022 టండ్రాకి కాయిళ్లు వేసింది, హైలక్స్‌కి కమాన్లు వదల్లేదు.

అంత దూరం ఎందుకు, మన తిరుపతి జిల్లా శ్రీసిటీకి వెళ్లండి. 2016లో మొదలైన ఇసుజు ఫ్యాక్టరీలో డి-మాక్స్ వి-క్రాస్ పికప్పూ తయారైంది, ఎంయూ-ఎక్స్ అనే ఎస్‌యూవీ కూడా తయారైంది. రెండూ దగ్గరి చుట్టాలే. సరుకు మోసే పికప్‌కి వెనక కమాన్లు. పిల్లాపాపలతో తిరుపతి వెళ్లే ఎస్‌యూవీకి కాయిళ్లు, వాటితోపాటు ఇరుసుని పట్టుకునే ఐదు కడ్డీలు. కంపెనీవాడు స్ప్రింగుని మార్చినప్పుడు దాని వెంట ఐదుగురిని ఉద్యోగంలో పెట్టుకున్నాడు. అమ్మకాల కాగితంలో కనిపించేది కాయిల్ పేరే.

ఇది బండ్లకే కాదు, మనుషులకీ వర్తిస్తుంది. మామిడి మండీలో ఒక కమిషన్ కొట్టు నాకు తెలుసు. అక్కడొక గుమాస్తా ఉండేవాడు. పని ఏమిటంటే లెక్కలు రాయడం. ఆయన రిటైరయ్యాక కంప్యూటరూ, బిల్లింగు సాఫ్ట్‌వేరూ పెట్టారు. పైసా తేడా లేకుండా లెక్కలు వచ్చాయి. సీజను ముగిసేసరికి పాత రైతులు కొందరు పక్క కొట్టుకి మారిపోయారు. ఏ రైతు కూతురి పెళ్లి ఎప్పుడో, ఎవరికి డబ్బు ఆ పూటే ఇవ్వాలో, ఎవరు రెండ్రోజులాగినా ఏమనుకోరో, హమాలీల్లో ఎవరికెవరికి పడదో ఆయనకి తెలుసు. అవేవీ జీతం చీటీలో లేవు. యజమాని కంప్యూటర్‌ని తిట్టాడు. కంప్యూటర్ తప్పేముంది పాపం, దాన్ని కాయిల్‌లా ఇరుసు మీద నిలబెట్టి వదిలేశారు.

గుమాస్తా పక్షాన మరీ కన్నీళ్లు కూడా అక్కర్లేదు. ఆయనకి జ్వరం వస్తే కొట్టు మూతపడేది. ఆయన కోపం ఎవరిమీదుంటే ఆ రైతు చీటీ అడుగున పడేది. అన్ని పనులూ ఒక్కడి దగ్గరుంటే ఒక పనిని బాగుచెయ్యడానికి ఇంకో పనిని కదపాల్సొస్తుంది. కమాన్‌తో ఇంజనీర్ల గొడవా ఇదే. మెత్తగా పోవాలని పట్టీ పలచన చేస్తే ఇరుసు మీద పట్టు సడలుతుంది. పట్టు బిగిద్దామంటే నడుము విరుగుతుంది. కాయిళ్లతో ఆ చిక్కు లేదు, మోసేది మోస్తుంది, పట్టుకునేవి పట్టుకుంటాయి, దేన్ని కావాలంటే దాన్ని సవరించుకోవచ్చు. కాకపోతే బుష్షులు ఎక్కువ, కీళ్లు ఎక్కువ, బిల్లు ఎక్కువ. ఆ బిల్లు కట్టగలిగినవాడు హాయిగా కట్టుకోవచ్చు. కట్టకుండా మెత్తదనం మాత్రం కావాలంటేనే టీకొట్టు బల్ల కింద వెతుక్కోవాల్సొస్తుంది.

ఉమ్మడి కుటుంబాల గురించి కూడా రెండు మాటలు రాద్దామనుకున్నాను, పట్టీల రాపిడి అనగానే అదే గుర్తొస్తుంది. మా ఇంట్లోవాళ్లు ఇది చదువుతారు కాబట్టి మానుకున్నాను.

కథలో ఒక ముక్క మిగిలిపోయింది. బండి బాగయ్యాక కుర్రాడు స్ప్రింగులు రెండూ వాపసివ్వడానికి మళ్లీ యార్డుకి వెళ్లాడు. పొద్దుగూకుతోంది. యార్డు ఆసామి సగం ధరకి తీసుకుంటానని చెప్పి, వాటిని మూలకి దొర్లించాడు. కుర్రాడు నాలుగు వైపులా చూశాడు. నిన్నటి కడ్డీలు నాలుగూ గోడవార పడి ఉన్నాయి.

"ఐదోదేదండీ? పొడుగాటిది, అడ్డంగా ఉండేది?"

ఆసామి గేటు వైపు చూపించాడు. రెండు రేకు తలుపులకీ అడ్డంగా, ఇనప కొక్కేల్లో ఆ కడ్డీ గడియలా దిగి ఉంది. రెండు కొసలా రబ్బరు బుష్షులు అలాగే ఉన్నాయి.

"కావాలా? ఇస్తాను బాబూ," అన్నాడు ఆసామి. "రేపు పొద్దున రా. రాత్రికి గేటుకి పెట్టడానికి ఇంకోటి లేదు."